దానంతటదే పేలిందట!

తుపాకీ దానంతటదే పేలిందట. మిక్సీ స్విచ్చి వెయ్యందే తిరగదు, బోరు మోటారు బటన్ నొక్కందే నీళ్లు పొయ్యదు. పెద్దమనుషుల ఇళ్లల్లో లైసెన్సు తుపాకీకి మాత్రం ఉన్నట్టుండి బుద్ధి పుడుతుంది, పేలుతుంది. ‘మిస్‌ఫైర్’ అని పేపర్లో నాలుగు ముక్కలు పడతాయి. తప్పంతా ఇనుముది. మనిషి పాపం అమాయకుడు.

అసలు మా నెల్లూరు జిల్లా బోగోలులో తుపాకీ దేనికయ్యా? కాపాడ్డానికి కొండబిట్రగుంట వెంకన్న ఉన్నాడు, పారిపోవడానికి బిట్రగుంట స్టేషనుంది, అదీ చాలకపోతే జువ్వలదిన్నె హార్బర్లో పడవలున్నాయి. చెరువు మీద వాలే కొంగల్ని కాలుద్దామంటే 1972 నాటి వన్యప్రాణి చట్టం ఊరుకోదు. ఇక తుపాకీకి మిగిలింది ఒకటే ఉద్యోగం: ఇంటికొచ్చినవాళ్లకి దర్శనమివ్వడం.

బీరువాలో పట్టుచీరల కింద నుంచి పిస్తోలు బయటికొస్తుంది. కాఫీ తాగుతున్న బావమరిది గ్లాసు పక్కన పెట్టి, “లోడ్ చేసుందేమో బావా” అని నసుగుతాడు. “ఖాళీదే అబ్బయ్యా, చూడు!” అంటూ బావ సినిమా ఫక్కీలో ముందు స్లైడ్ లాగి వదులుతాడు. మేగజైన్లోని తూటా ఒకటి నిమ్మళంగా చాంబర్లోకి ఎక్కి కూర్చుంటుంది. ఆ తర్వాత మేగజైన్ పీకి అరచేతిలో పెట్టి చూపిస్తాడు. నిరూపణ అయిపోయింది! ఇప్పుడు ట్రిగ్గర్ నొక్కితే ఏమవుతుందో బావకి తప్ప అందరికీ తెలుసు. చెయ్యాల్సింది తిరగేసి: మేగజైన్ ముందు తియ్యాలి, ఆపైన స్లైడ్ వెనక్కి లాగి పట్టుకుని చాంబర్లోకి కంటితో చూడాలి, వేలు పెట్టి తడమాలి. అంతసేపూ మూతి మనిషి లేని వైపే ఉండాలి, చూపుడువేలు ట్రిగ్గర్ జోలికి పోకూడదు. గోడవైపు తిప్పాం గదా అంటారేమో, గోడ అవతల వంటింట్లో ఎవరున్నారో చూశారా?

బిట్రగుంటలో ఏ లోకో పైలట్‌నైనా అడగండి. సిగ్నల్ పచ్చగా కళ్లెదుట వెలుగుతున్నా తనూ అసిస్టెంటూ నోరు తెరిచి ఒకరికొకరు చెప్పుకుంటారు. రోజూ చూసే లైటే కదా అని ఊరుకోరు. తుపాకీనీ చేతికొచ్చిన ప్రతిసారీ అలాగే చూసుకోవాలి.

2024 అక్టోబర్ 1న ముంబైలో నటుడు గోవిందా లైసెన్సు రివాల్వర్ బీరువాలో పెట్టబోతుంటే చేయిజారి పేలింది, తూటా ఆయన కాల్లోనే దిగింది. పాతకాలపు రివాల్వర్లు కొన్ని కింద పడితే పేలతాయి, నిజమే. కానీ గుండ్లు వాటంతటవి నడుచుకుంటూ సిలిండర్లోకి పోవు గదా! మరుసటి నెలలోనే అట్లాంటాలో మన తెలుగు విద్యార్థి ఒకడు తన గదిలో తుపాకీ శుభ్రం చేస్తుండగా తూటా తగిలి చనిపోయాడు. ఆ ఇంటి సంగతి తలచుకుంటే వెటకారానికి నోరు రాదు.

మన బావ దగ్గరికే వద్దాం. ఆయుధాన్ని భద్రంగా దాస్తానని లైసెన్సు దరఖాస్తుతోపాటు హామీ రాసిచ్చిన మహానుభావుడే. సంతకం ఆరకముందే తుపాకీ దిండు కిందికి చేరింది, తూటాలు మనవడి బొమ్మల సొరుగులోకి. పెళ్లి ఊరేగింపులో గాల్లోకి కాల్చి జనం ప్రాణాల మీదికి తెస్తే ఆయుధ చట్టానికి 2019లో వచ్చిన సవరణ ప్రకారం రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. లైసెన్సు షరతు తప్పితే మాత్రం 1959 నాటి అదే చట్టం 30వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. రెండువేలంటే నెల్లూరులో నలుగురు కూర్చుని చేపల పులుసుతో భోంచేస్తే అయ్యే బిల్లు!

ఈ తుపాకులకి నిజమైన భద్రత ఎన్నికలప్పుడే. కోడ్ రాగానే పోలీసులు పిలుస్తారు, బావ బుద్ధిగా స్టేషన్లో అప్పజెబుతాడు. అన్నాళ్లూ ఇంట్లో ఏదీ దానంతటది పేలదు. అయ్యలారా, ఈసారి వెనక్కి తెచ్చుకునే ముందు తుపాకీకి ఒకటి, తూటాలకి ఒకటి తాళం పడే పెట్టెలు కొనుక్కోండి. అది కుదరకపోతే ఆ లైసెన్సేదో కలెక్టరాఫీసులో తిరిగిచ్చేయండి.