94 దగ్గర

నన్ను వేలి గోటి మీద పెట్టుకోవచ్చు. వెండిలా మెరిసే పలుచటి పలకను. పుట్టింది కొలిమిలో. సీజియం, వెనేడియం, ఆంటిమొనీ మూడింటినీ గాలి తగలకుండా కలిపి 1000 డిగ్రీల దాకా కాచారు. తర్వాత గంటకు ఒకటి రెండు డిగ్రీల చొప్పున, రోజుల తరబడి చల్లార్చారు. ఒంటరిగా ఉన్నప్పుడు గాలి సోకితే భగ్గుమనే సీజియం నా పొరల మధ్య మాత్రం బుద్ధిగా పడుకుంటుంది.

నాలో చూడాల్సింది వెనేడియం పొర. పెద్ద కన్నుల కోళ్ల గంపను దగ్గరగా చూశారా? మధ్యలో ఆరు మూలల కన్ను, దాని చుట్టూ మూడు మూలల కన్నులు. జపాన్ వాళ్లకు బుట్ట కాగో, కన్ను మే. 1951లో ఇతిరో స్యోజి ఈ అల్లికను భౌతికశాస్త్రంలోకి తెచ్చినప్పుడు కాగోమే అన్న పేరు నిలిచింది. మా కుటుంబం బయటపడింది 2019లో. పొటాషియందీ రుబీడియందీ సీజియందీ, ముగ్గురం తోబుట్టువులం. కరెంటుకు అడ్డే లేని అతివాహకత ముందు కనిపించింది నాలోనే, 2020లో.

నన్ను మొదటిసారి చల్లబరిచిన రోజు చెబుతాను. రాగి పలక మీద జిగురుతో అతికించి, జుట్టుకన్నా సన్నటి బంగారు తీగలు నాలుగు తగిలించారు. 94 కెల్విన్, అంటే సున్నాకు కింద 179 డిగ్రీల సెల్సియస్ దాకా ఏమీ లేదు. అక్కడ ఎలక్ట్రాన్లు ఒకచోట చిక్కబడి, ఒకచోట పలచబడ్డాయి, మూడు దిక్కుల నుంచి అలలు వచ్చి కలిసినట్టు. వాటితో పాటు వెనేడియం పరమాణువులూ జరిగాయి. జరిగింది పిసరంతే. అయినా ఒక గడిలో ఇమిడిన నమూనాకు ఇప్పుడు నాలుగు గడులు కావలసి వచ్చింది. నా నిరోధం గీస్తున్న గ్రాఫులో చిన్న నొక్కు పడింది.

అప్పట్నుంచీ తగువే. వెనేడియం వేసింది ఆరు కోణాల చుక్క ముగ్గా, దాన్ని తిరగేసి త్రికోణాలుగా, షడ్భుజాలుగా విడగొట్టిన ముగ్గా? పై పొరలో ముగ్గు కింది పొర ముగ్గుకు సరిగ్గా మీద పడదు. రెండు పొరలకోసారి తిరిగొస్తుందని కొందరు, నాలుగింటికని కొందరు. అయస్కాంతం కాని ఈ ఒంట్లో ఎలక్ట్రాన్లు గుండ్రంగా సుడి తిరుగుతున్నాయా అన్నది ఇంకో పంచాయతీ. ఒక కొలత అవునంటే ఇంకోటి కాదంటుంది.

నా బాధ వేరు. చల్లబడితే రాగి ఒక లెక్కన ముడుచుకుంటుంది, నేను ఇంకో లెక్కన. మధ్యలో జిగురు నన్ను పక్కకు లాగుతుంది. మూడు దిక్కులూ సమానంగా ఉండాల్సిన చోట ఒక దిక్కు మొగ్గు చూపితే, అది నా స్వభావమా, జిగురు పెత్తనమా? నా మటుకు నాకు సగం జిగురే అనిపిస్తుంది.

ఇంకా చల్లబరిచాక, 2.5 కెల్విన్ దగ్గర నిరోధం సున్నాకు పడింది. ఎలక్ట్రాన్లు జంటకట్టాయి, ముగ్గు చెరగకుండానే. రెండూ ఒకే ఇంట్లో సర్దుకున్న సవతులు. గట్టిగా నొక్కి, సుమారు 20,000 వాతావరణాల ఒత్తిడి పెడితే ముగ్గు మాయమవుతుంది, జంటకట్టడం 8 కెల్విన్ దగ్గరే మొదలవుతుంది.

మొన్న ఒకాయన నా మీద టేపు అంటించి సర్రున పీకాడు. సగం టేపుకు వెళ్లింది, సగం ఇక్కడే ఉంది. డబ్బా మీద చీటీకి ఒక ‘ఎ’ తగిలించి, టేపు మీద ‘బి’ అని రాశారు.