నూకలు చల్లిన పెరడు

పిచ్చుకకు గింజలు వేస్తే చాలు, దాని బతుకు అది బతుకుతుందని నమ్మాను. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో మా తాత శ్రీకాకుళం నుంచి బిలాస్‌పూర్ వచ్చాడు. నేను ఇక్కడే రైల్వేలో చేసి రిటైరై, ఈ ఊళ్ళోని తోర్వాలో ఇల్లు కట్టుకున్నాను. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో కొత్త వరి కంకులు కుచ్చులల్లి పిచ్చుకల కోసం గుమ్మాలకు కడతారు, మన ఊళ్ళలో చూరుకు కట్టినట్టే. అవి చూస్తూ పెరిగిన నాకు పిచ్చుకంటే గింజలే.

పొద్దున్నే పెరట్లో నూకలు చల్లి అరుగు మీద కూర్చునేవాణ్ణి. పిచ్చుక నేలమీద రెండు కాళ్ళూ కలిపి గెంతుతుంది. గడ్డిగింజ దొరికితే ముక్కులో తిప్పి, పొట్టు రాల్చి మింగుతుంది. తిన్నాక గులాబీ మొదట్లో పొడిమట్టిని గుంట చేసుకుని, రెక్కలతో ఒళ్ళంతా చల్లుకునేది.

ఆ పెరట్లోనే చిక్కుడు పాదుకు పేనుబంక పట్టింది. వారం వారం మందు కొట్టాను. మట్టి ఇంట్లోకి వస్తోందని నేలంతా సిమెంటు చేయించాను.

"ఏమండీ, పాదు మీద పిచ్చుకలు వాలడం లేదు" అంది మా ఆవిడ.

"నూకలకు వస్తున్నాయిగా" అన్నాను.

ఓరోజు వెంటిలేటర్‌లోని గూటి కింద పిల్ల చచ్చి పడి ఉంది. ఈకలు రాని ఒళ్ళు, ముక్కు చుట్టూ పసుప్పచ్చని అంచు. తెరిచిన నోట్లో నేను వేసిన నూక.

పెద్ద పిచ్చుక గింజలు తింటుంది. పిల్లకు తొలిరోజుల్లో పెట్టేది మాత్రం పేనుబంక, గొంగళి పురుగులు, సాలీళ్ళ లాంటివే. ఒళ్ళు పెరగడానికి కావలసిన మాంసకృత్తులు నూకలో చాలినన్ని ఉండవు. ఇంగ్లండులోని లెస్టర్‌లో కేట్ విన్సెంట్ అనే పరిశోధకురాలు 2005 నాటి అధ్యయనంలో, పురుగులు చాలనిచోట గూళ్ళలోనే పిల్లలు చనిపోతున్నాయని చూపింది. ఇదంతా నేను ఆ పిల్లను పూడ్చాక చదివాను. చైనాలో 1958లో, ధాన్యం తినేస్తోందని పిచ్చుకను శత్రువుల జాబితాలో చేర్చి వేటాడారు. పంటల మీద పురుగు పడ్డాక 1960లో పిచ్చుకను ఆ జాబితాలోంచి తీసేసి నల్లిని చేర్చారు. వాళ్ళు పగతో చూసినా, నేను ప్రేమతో చూసినా, ఇద్దరికీ కనిపించింది గింజలు తినే పిట్టే. పురుగు కోసం ఆకు ఆకూ వెతికే తల్లిని నేను చూడనే లేదు. నా పాదు మీద దానికి ఏమీ మిగల్చలేదు.

గులాబీ చుట్టూ సిమెంటు పగలగొట్టించాను. ఈ ఏడు మళ్ళీ పేనుబంక పట్టింది, మందు కొట్టలేదు. కాయలు చాలకపోతే బుధవారీ బజారులో కొంటున్నాం. మా వీధిలో మందు కొట్టే ఇళ్ళకు వెళ్ళి చెబుతున్నాను. కొందరు వింటున్నారు.