చంటిపిల్లలతో ఊరెళ్లేవారికి కొన్ని ఉచిత సలహాలు

దుబాయ్ జెబెల్ అలీలో ఉద్యోగం, డిస్కవరీ గార్డెన్స్‌లో సింగిల్ బెడ్‌రూమ్, ఒళ్లో చంటిబిడ్డ, వేసవిలో ఊరి ప్రయాణం. ఇవన్నీ ఉన్నవాళ్లకు సలహాలిచ్చేవాళ్లు లిఫ్టులో కూడా దొరుకుతారు. నా వంతుగా నేనూ నాలుగు ముక్కలు చెప్తాను.

ముందు అన్నప్రాశనకు ముహూర్తం పెట్టించండి. తర్వాత టికెట్లు కొనండి. పాస్‌పోర్టు సంగతి ఆ తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు. ఇక్కడ పుట్టిన బిడ్డకు బర్త్ సర్టిఫికెట్, దాని మీద మన పాస్‌పోర్టు, దాని మీద రెసిడెన్స్ వీసా కావాలి. ఇదంతా 120 రోజుల్లో కాకపోతే జరిమానా పడుతుందని ఎవరైనా అంటే నవ్వేసి ఊరుకోండి. ఫొటోకు వెళ్లేటప్పుడు కాటుక, బుగ్గన దిష్టిచుక్క తప్పనిసరి. తెల్లటి బ్యాక్‌గ్రౌండ్, తెరిచిన కళ్లు, మూసిన నోరు కావాలంటాడు స్టూడియో అతను. మీ ఆయన తల వెనక నుంచి గిలక్కాయ ఆడిస్తాడు. కళ్లు తెరిస్తే నోరు తెరుస్తుంది, నోరు మూస్తే కళ్లు మూస్తుంది. రెండూ కుదిరేసరికి దిష్టిచుక్క చెవి దాకా పాకి ఉంటుంది.

రెండేళ్లు నిండని బిడ్డకు వేరే సీటు అక్కర్లేదు, ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. కాబట్టి రెండో పుట్టినరోజు సరిగ్గా సెలవుల మధ్యలో వచ్చేలా ప్లాన్ చేయండి. తిరుగు ప్రయాణానికి సీటు కొనమంటే, చూడ్డానికి ఏడాదిన్నర పిల్లాడిలానే ఉన్నాడు కదా అని కౌంటర్ దగ్గర వాదించండి.

సామాను విషయంలో ధర్మం ఒక్కటే: అందరికీ అన్నీ. నిడో డబ్బాలు, ట్యాంగ్, ఖర్జూరాలు, పక్క ఫ్లాట్‌వాళ్లు వాళ్ల మరదలికి ఇమ్మన్న సీలు వేసిన పార్సిల్. అందులో ఏముందని అడిగితే ఏమనుకుంటారో ఏమో, అడక్కండి. ఇంకా జాగా మిగిలితే డైపర్లు పెట్టండి. అవి కూడా చెక్-ఇన్ పెట్టెలోనే, అడుగున.

ఇంటికి దగ్గర్లోనే అల్ మక్తూమ్ విమానాశ్రయం ఉంది. 2013లో అక్కడ ప్రయాణికుల విమానాలు మొదలయ్యాయి. 2022 వేసవిలో దుబాయ్ రన్‌వే మరమ్మతులప్పుడు చాలా విమానాలను అక్కడికే మళ్లించారు కూడా. కనుక టికెట్ మీద డీఎక్స్‌బీ ఉందా, డీడబ్ల్యూసీ ఉందా అని చూడకుండా అటే బయల్దేరండి. మీ విమానం షేక్ జాయెద్ రోడ్డు ఆ చివర పాత విమానాశ్రయంలో ఉందని తెలిశాక పిల్లలు ట్యాక్సీలో హాయిగా నిద్రపోతారు. అక్కడికి చేరాక టెర్మినల్ కూడా వేరని తెలుస్తుంది. మెట్రో ఆగేది 1, 3 టెర్మినళ్ల దగ్గరే. రెండోది రన్‌వేకు అవతలి వైపు.

దగ్గుమందు ఒక చెంచా పట్టిస్తే పడుకుంటాడని చెప్పేవాళ్లుంటారు. తప్పుడు సలహాలివ్వడానికే కూర్చున్న నాకు కూడా ఆ మాట చెప్పడానికి నోరు రాదు. కొందరు పిల్లలు ఆ మందుతో నిద్రపోకపోగా రెట్టింపు చిందులేస్తారు. పసివాళ్లకైతే ఊపిరి మీదికే రావచ్చు. ఇదొక్కటి వదిలేసి మిగతావి పాటించండి.

పాలు మొత్తం విమానం ఎక్కగానే పట్టేయండి. దిగేటప్పటికి సీసాలో చుక్క ఉండకూడదు. విమానం కిందికి దిగేకొద్దీ క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పెరుగుతుంది. చెవి లోపలి నుంచి గొంతులోకి వెళ్లే సన్నటి గొట్టం గుటక వేసినప్పుడు తెరుచుకుంటుంది. పసిపిల్లల్లో అది మరీ ఇరుకు. ల్యాండింగ్‌కు అరగంట ముందు నుంచి తల్లిపాలో, సీసాపాలో, కొంచెం పెద్దవాళ్లకు చప్పరించడానికి ఏదైనా ఇస్తే నొప్పి తెలియదట. కానీ అలా చేస్తే పక్క వరస తాతగారికి పనేముంటుంది? శంషాబాద్ లైట్లు కనబడగానే బిడ్డ గుక్కపెడుతుంది. ఆయన వెనక్కి తిరిగి, "దిష్టి తగిలిందమ్మా, ఇంటికెళ్లగానే ఉప్పు తిప్పేయి" అంటారు. ఉప్పు కిందుంది, చెవి పైనుంది. మధ్యలో ఇంకా పదివేల అడుగులు.

ఇంటికి చేరేసరికి తెల్లవారుజాము నాలుగు. బిడ్డ అప్పుడే కన్ను మూసింది. లేపండి. ఎర్రనీళ్లు దిష్టి తీయాలి, మేనత్తలు ముగ్గురూ ఎత్తుకోవాలి, వీడియో కాల్‌లో బాబాయికి చూపించాలి.

వచ్చేటప్పుడు అత్తగారు కట్టిచ్చిన గసగసాల పొట్లం మరిచిపోవద్దు. ఎమిరేట్స్‌లో వాటిని మత్తుపదార్థాల కింద లెక్కగట్టి నిషేధించారు. అత్తగారి లెక్కలో అవి కోడికూరలోకి. ఈ అభిప్రాయభేదాన్ని కస్టమ్స్ అధికారికి వివరించడానికి మీకు కావలసినంత సమయం దొరుకుతుంది. ఈలోగా పెద్దవాణ్ని టెర్మినల్ 3లో పిల్లల కౌంటర్‌కు తీసుకెళ్తానని మాటిచ్చిన సంగతి గుర్తుకొస్తుంది. 4 నుంచి 12 ఏళ్ల పిల్లలు తమ పాస్‌పోర్టు మీద తామే ముద్ర వేసుకునే కౌంటర్ అది. దాన్ని దాటి వచ్చేశారు. వాడు అదే విషయం అధికారికి తెలుగులో గట్టిగా ఫిర్యాదు చేస్తుంటాడు.