మంచు పద్దు

ఇర్వింగ్‌లో కొండ అన్నది లేదు. ఎత్తు అంటే ఫ్రీవే ఫ్లైఓవర్లే. అయినా వ్యాలీ రాంచ్‌లో పిల్లలున్న ఏ తెలుగువాళ్ల గరాజ్ తలుపు తీసినా, బొమ్మల కొలువు డబ్బా కింద ఇంకో డబ్బా ఉంటుంది. అందులో స్కీ ప్యాంట్లు, గాగుల్స్, ఎప్పటికీ జత కలవని గ్లవ్స్. ఏడాదికి నాలుగు రోజుల పని వాటికి. మిగతా రోజులు నూరు డిగ్రీల ఎండలో ఆ గరాజ్‌లోనే ఉడుకుతుంటాయి.

ఆ నాలుగు రోజులకీ పద్దు రాసే ఉద్యోగం మా ఇంట్లో నాది. కొండల ఫొటోలు చూసి నిట్టూర్చే ఉద్యోగం మా ఆయనది. ఈసారి ఆడిట్ కూడా తోడైంది. తెనాలి నుంచి మా మావయ్యగారు వచ్చారు. ట్రెజరీలో పనిచేసి రిటైరైన మనిషి. కాగితం చేతికిస్తే ముందు మొత్తం చూడరు, సంతకం ఎక్కడుందో చూస్తారు. నా ఎక్సెల్ షీటు మీద ఆయన మొదటి అభ్యంతరం కూడా అదే.

రెండోది, స్ప్రింగ్ బ్రేక్ వారానికి కొలరాడో కొండల్లో చూసిన అద్దె ఇంటి మీద. "అమ్మాయ్, ఇదే ఇల్లు అంతకు ముందు వారం ఎంత?"

చూపించాను. దాదాపు సగం.

"సంక్రాంతి స్పెషల్ అన్నమాట. అదే బస్సు, అదే సీటు, అవే కుదుపులు. బోర్డు మీద స్పెషల్ అని రాస్తే టికెట్టు ఒకటిన్నర అయ్యేది."

నిజం అదే. స్కీయింగ్ ఖరీదు మంచులో లేదు, స్కూలు క్యాలెండర్లో ఉంది. ఇర్వింగ్ ఊరు ఒకటే గానీ స్కూలు డిస్ట్రిక్టులు మూడు: ఇర్వింగ్, కాపెల్, కారల్టన్-ఫార్మర్స్ బ్రాంచ్. వీధి మారితే డిస్ట్రిక్టు మారుతుంది, డిస్ట్రిక్టు మారితే ఇంటి ధర మారుతుంది. స్ప్రింగ్ బ్రేక్ మాత్రం ఎక్కడైనా మార్చి నడిమిలోనే వచ్చి కూచుంటుంది. డాలస్ చుట్టుపక్కల పిల్లలున్నవాళ్లందరూ ఒక్కసారే కొలరాడో వైపు తిరుగుతారు. కొండల మీదున్నవాళ్లకు ఈ సంగతి మనకంటే ముందే తెలుసు.

"మార్చి నెల సంగతి నాకు చెప్పాలా? ఏడాదంతా నిద్రపోయిన ఆఫీసులన్నీ నెలాఖరున బిల్లులు పట్టుకుని మా మీద పడేవి" అన్నారు మావయ్యగారు.

మా ఆయన ఓ ఉపాయం చెప్పారు. బ్రేకుకి ముందు వారమే పిల్లల్ని బడి మానిపించి తీసుకెళ్తే? టెక్సాస్ చట్టం ప్రకారం క్లాసు లెక్కకి రావాలంటే 90 శాతం హాజరు ఉండాలని నేను గుర్తు చేశాను. ఆయన చదివింది జేఎన్‌టీయూ కాలేజీలో. "మాకు 75. తగ్గితే కండొనేషన్ ఫీజు కట్టేవాళ్లం. ఇక్కడ ఎంతో కనుక్కో" అన్నారు. ఈలోగా మా అమ్మాయి, తనకి పర్‌ఫెక్ట్ అటెండెన్స్ సర్టిఫికెట్ రావాలనీ, ఎవరూ తనని కదిలించలేరనీ ప్రకటించి గదిలోకి వెళ్లిపోయింది. ఆ పద్దు అక్కడితో రద్దు.

లిఫ్టు పాసుల దగ్గర ఆడిట్ మరీ ముదిరింది. వెయిల్ కొండ దగ్గర రద్దీ రోజున కౌంటర్లో టికెట్టు కొంటే, పెద్ద మనిషికి ఒక్క రోజుకి 300 డాలర్లు దాటిపోతుంది. అందుకే ముందుగా ఎపిక్ పాస్ లాంటివి కొంటారు. 2008లో మొదలైన పాస్ అది. వేసవికి ముందు చవక, పోనుపోను ధర పెరిగి, డిసెంబరు మొదట్లో అమ్మకం ఆపేస్తారు. అంటే మంచు పడుతుందో లేదో ఎవరికీ తెలియని రోజుల్లో, ఏసీ కింద కూచుని, మంచుకి డబ్బు కట్టాలి.

"ఈ లిఫ్టు ఏం చేస్తుంది?"

"కొండ మీదికి తీసుకెళ్తుందండీ."

"కిందికి?"

"మనమే జారుకుంటూ రావాలి."

"పడితే?"

"దానికి ఇన్సూరెన్సు. అది వేరే పద్దు."

మావయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మా దగ్గర ఏసీ బిల్లు మీద అడ్వాన్సు తీసుకుంటే, తరవాత వివరాలతో డీసీ బిల్లు పెట్టాలి. వీళ్లు మంచు పడకపోతే ఏం బిల్లు పెడతారు?"

మంచు మన గడపలోకి ఉచితంగా రాలేదని కాదు. 2021 ఫిబ్రవరి 16న డీఎఫ్‌డబ్ల్యూ ఎయిర్‌పోర్టులో సున్నాకి రెండు డిగ్రీల దిగువ, అదీ ఫారెన్‌హీట్‌లో. కరెంటు లేదు, పైపుల్లో నీళ్లు లేవు. పిల్లలు మాత్రం పార్కులోని గట్టు మీద బేకింగ్ ట్రేలు వేసుకుని జారారు. టికెట్ లేని స్కీయింగ్ అదొక్కటే. అలాంటిది మళ్లీ రావాలని టెక్సాస్‌లో ఎవరూ కోరుకోరు.

విమానమా, కారా అన్న ప్రశ్నకి కారే గెలిచింది. 287 పట్టుకుని విచిటా ఫాల్స్, చిల్డ్రెస్ మీదుగా అమరిల్లో, తరవాత వేరే దారిలో డాల్‌హార్ట్ మీదుగా రటోన్ దాకా, అక్కడినుంచి ఉత్తరానికి. అమరిల్లోలో బిగ్ టెక్సన్ అనే హోటల్లో 72 ఔన్సుల స్టేకుని పక్క వంటకాలతో సహా గంటలో తింటే బిల్లు లేదు. మా ప్రయాణం మొత్తంలో ఉచితం అన్న మాట కనబడింది అక్కడే. మేం శాకాహారులం.

కొలరాడో వాళ్లు సెప్టెంబరు నుంచి మే దాకా ఐ-70 కొండదారిలో టైర్ల అరుగుదల చూస్తారు. గాడి లోతు అంగుళంలో పదహారో వంతులు మూడు ఉండాలి. మా టెక్సాస్ టైర్లకు ఆ అర్హత లేదు. కొత్త టైర్ల లైను రాయగానే షీటు ఎర్రబడింది.

మావయ్యగారి అసలు ప్రతిభ అప్పుడు బయటపడింది. "ఆపు. టైర్లు ఈ పద్దులో ఎందుకు? కారు మరమ్మతుల్లో రాయి" అన్నారు. తరవాత కలమే ఆయన చేతికి వెళ్లింది. జాకెట్లు బట్టల పద్దుకి. పిల్లల స్కీ స్కూలు, రోజుకి 200 పైచిలుకు డాలర్లు, చదువుల పద్దులో కుమాన్ పక్కకి. కూరగాయలు, బియ్యం ఎక్కడున్నా తినేవే, ఇంటి ఖర్చుకి. ఇన్సూరెన్సు వైద్యానికి. సాయంత్రానికి లోటు పోయి మిగులు తేలింది. దీన్ని నిధుల మళ్లింపు అంటారనీ, కలెక్టర్లకే మతి పోయేదనీ చెప్పి కాఫీ అడిగారు.

మేం దిగిన బ్రెకెన్‌రిడ్జ్ ఊరు 9,600 అడుగుల ఎత్తులో ఉంది. అక్కడ నీళ్లు 90 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతాయి. హోటల్ తిండి ఖర్చు మిగుల్చుదామని గిన్నెలో పెట్టిన కందిపప్పు రాత్రంతా మరిగింది గానీ మెత్తబడలేదు. కుక్కరు తెచ్చిన పక్కింటి గుంటూరువాళ్లే ఆ నాలుగు రోజులూ మహారాజులు. వెళ్లేవాళ్లు పులిహోర మొదటి రోజుకే పెట్టుకోండి, కుక్కరు మాత్రం మరిచిపోకండి.

పిల్లలకు నేర్పే మాటలు రెండే: ఆగాలంటే స్కీలని పిజ్జాలా, పోవాలంటే ఫ్రెంచ్ ఫ్రైస్‌లా పెట్టాలి. మధ్యాహ్నానికి వాళ్లు ఫ్రెంచ్ ఫ్రైస్‌కి వచ్చేశారు. మా ఆయన నాలుగు రోజులూ పిజ్జాలోనే ఉన్నారు. మావయ్యగారు కింద బెంచీ మీద శాలువా కప్పుకుని కూచుని, ఎవరు ఎన్నిసార్లు పడ్డారో లెక్క రాశారు. ఆ కాగితం మీద మాత్రం సంతకం ఉంది.

ఈ పద్దులో నిజంగా తగ్గించగలిగింది ఒక్క బట్టల లైనే. పిల్లలు ఏడాదికో సైజు ఎదుగుతారు, స్కీ ప్యాంట్లు నాలుగు రోజులకి అరగవు. కొత్తవి కొనడం శుద్ధ దండగ. మా ఇంట్లో ఆరేళ్ల పిల్లకి సరిపోయే గులాబీ రంగు ప్యాంటు, జాకెట్టు ఉన్నాయి. ఎనిమిదేళ్ల సైజువి ఎవరి గరాజ్‌లోనైనా ఉంటే కబురు పెట్టండి, మార్చుకుందాం. గ్లవ్స్ మాకు ఎడమచేతివి చాలా ఉన్నాయి, కుడిచేతివి కావాలి.