పాలు తగలని పుణ్యం

ఈ మధ్య ఎవరింటికి వెళ్లినా కాఫీతోపాటు ఓ ఉపన్యాసం కూడా వస్తోంది. ప్లేటులో నాలుగు బిస్కెట్లు పెట్టి, మనం ఒకటి కొరికేదాకా ఓపిక పట్టి, "ఇందులో చుక్క వెన్న లేదు తెలుసా, పూర్తిగా డైరీ ఫ్రీ!" అంటారు. వెంటనే ఆశ్చర్యపోవాలి, లేకపోతే రెండో బిస్కెట్ దక్కదు. పాలు మానేశాక ఒళ్లెంత తేలికపడిందో చెబుతూ, ఆ ఇంటావిడ అదే బిస్కెట్‌ను చిక్కటి గేదెపాల కాఫీలో ముంచుకుంటారు.

ఇదేదో నిన్నగాక మొన్న కనిపెట్టిన విద్య అనుకుంటున్నారు పాపం. మన దేశంలో డాల్డా వనస్పతి దిగింది 1937లో. ఆ తర్వాత ఎన్నో వీధి బేకరీలు సీసాల మీద 'బటర్ బిస్కెట్' అని రాసి వనస్పతితో పని కానిచ్చేశాయి. వాళ్లకెవరూ శాలువా కప్పలేదు సరికదా, వెన్న వేయకుండా మోసం చేస్తున్నారని తిట్టుకున్నాం. ఆ పనే ఇప్పుడు అట్టపెట్టెలో పెట్టి, జనపనార తాడు కట్టి చేస్తే జీవనశైలి! వనస్పతిలో నువ్వులనూనె తప్పనిసరిగా కలపాలని ఒకప్పుడు ప్రభుత్వం రూలు పెట్టింది, రుచి కోసం కాదు. వనస్పతిని నేతిలో కల్తీ చేస్తే పరీక్షలో దొరికిపోవాలని. నేతిబీరకాయే నయం, తనలో నెయ్యి ఉందని ఏనాడూ లేబుల్ అంటించుకోలేదు.

ఇక ఆరోగ్యం సంగతి. వెన్నలో కొవ్వు 80 శాతం పైచిలుకు, మిగిలింది చాలావరకు నీళ్లే. దాని బదులు వాడే కొబ్బరినూనె నూటికి నూరుపాళ్లూ కొవ్వు. సంతృప్త కొవ్వు వెన్నలో 50 శాతం దగ్గరుంటే, ఇందులో దాదాపు 90. 'కొలెస్ట్రాల్ సున్నా' అన్నది నిజమే. సంతృప్త కొవ్వు రక్తంలో చెడ్డ కొలెస్ట్రాల్‌ను పెంచుతుందన్న సంగతికే ప్యాకెట్ మీద చోటు చాలదు. మరికొందరు వెన్న తీసేసి నెయ్యి వేసి డైరీ ఫ్రీ అంటారు. నెయ్యి చెట్టుకు కాస్తుందనుకుంటున్నారేమో!

నిజానికి వెన్న లేని బిస్కెట్ల పని చాలా చిన్నది. మైదా 300 గ్రాములు, పంచదార పొడి 100, కొబ్బరినూనె 160, చిటికెడు ఉప్పు, రెండు మూడు చెంచాల నీళ్లు. వెన్నయితే 200 పట్టేది. అందులో ఎలాగూ నీళ్లుంటాయి కనుక ఇక్కడ నూనె తగ్గించి, నీళ్లు విడిగా పోస్తున్నాం, అంతే. మైదాలో జిగురు సాగకుండా కొవ్వు అడ్డుపడితేనే గుల్లదనం. చపాతీ పిండిలా పిసికితే ఆ గుల్లదనం పోతుంది. నూనె వాసన లేని రిఫైన్డ్ రకమైతే మేలు. లేదంటే తెలుగువాళ్లకు మొదటి ముక్కలోనే ఆదివారం తలంటి గుర్తొస్తుంది.

'గది వేడిలో గట్టిగా ఉన్న కొబ్బరినూనె తీసుకోండి' అంటారు చలిదేశాల వాళ్లు. అది 24 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. మే నెల విజయవాడ వంటింట్లో గట్టిగా ఉండేది వండేవాళ్ల పట్టుదల ఒక్కటే. కాబట్టి నూనెను ముందు ఫ్రిజ్‌లో పెట్టాలి, కలిపిన ముద్దను కూడా ఓ అరగంట పెట్టాలి. తర్వాత 170 డిగ్రీల ఓవెన్‌లో అంచులు రంగు తిరిగేదాకా, ఓ పావుగంట. వేడి మీద మెత్తగానే ఉంటాయి. కాలలేదనుకుని మళ్లీ లోపలికి తోయకండి, చల్లారితే అవే గట్టిపడతాయి.

అచ్చం వెన్న రుచే అంటారా? రాదు. పాలలోని ప్రోటీన్, చక్కెర వేడికి ఎర్రబడితే వచ్చే కమ్మదనం అది. ఖరీదుపెట్టి కొనే మొక్కల వెన్న డబ్బాలో ఉండేది చాలావరకు నూనె, నీళ్లు, ఆ రెంటినీ కలిపి ఉంచే మందు, ఇంత వాసన. ఆ డబ్బుతో గుప్పెడు నువ్వులు వేయించి వేస్తే బిస్కెట్‌కు సొంత రుచైనా ఉంటుంది.

పాల ప్రోటీన్ అసలే పడని పిల్లలున్నారు. వాళ్లకు ఇది ఫ్యాషన్ కాదు, ప్రాణం మీది సంగతి. అలాంటి పిల్ల మీ ఇంటికొస్తే, కొన్న ప్రతి సరుకు మీదా పాలపొడి, వే, కేసిన్ అన్న పేర్లున్నాయేమో వెతకండి. నిన్న నెయ్యి తగిలిన ట్రేను సబ్బుతో శుభ్రంగా కడగండి. మిగతా వాళ్లం ఏ కొవ్వుతో చేసుకున్నా, ఆ 300 గ్రాముల మైదా, 100 గ్రాముల పంచదార ఎక్కడికీ పోవు.