కాకినాడ టైము

దేశంలోని గడియారాలన్నీ ఏ గీతను బట్టి నడుస్తున్నాయో, ఆ 82.5 డిగ్రీల రేఖాంశం మా కాకినాడ పక్క నుంచే పోతుంది. ముంబయిలో గడియారానికీ సూర్యుడికీ అరగంటకు పైగా తేడా ఉంటుంది. మా ఊళ్ళో ఇద్దరూ ఇంచుమించు ఒకే మాట మీద ఉంటారు. ఆ మాట వినని మనిషి ఊరు మొత్తానికీ ఒక్కరే. దురదృష్టవశాత్తూ ఆయన మా అక్క మొగుడు.

బావగారు ఫోన్లో ‘బయల్దేరిపోయాం’ అన్నారంటే బకెట్లో నీళ్ళు నిండుతున్నాయని అర్థం. ‘దారిలో ఉన్నాం’ అంటే చొక్కా ఇస్త్రీకి వెళ్ళిందని. ‘వీధి చివరికొచ్చేశాం’ అంటే బండి తాళం వెతుకుతున్నారని. మా చుట్టాల్లో చిన్నపిల్లలకి కూడా ఈ భాష వచ్చు.

ఆయనకి పంచాంగం మీద నమ్మకం అంతంతమాత్రమే. కానీ సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది, మంగళవారం మూడు నుంచి నాలుగున్నర అంటూ వారంలోని ఏడు రాహుకాలాలూ నిద్రలో లేపి అడిగినా చెబుతారు. పైన వర్జ్యాలు, దుర్ముహూర్తాలు. మనకవి దోషాలు, ఆయనకి సెలవు చీటీలు.

ఆదాయపు పన్ను రిటర్ను మామూలుగా జులై 31లోగా వెయ్యాలి కదా. బావగారి దృష్టిలో అది ప్రభుత్వం మర్యాదకి పిలిచే మొదటి పిలుపు. అసలు వడ్డన డిసెంబరు 31న. మధ్యలో ఆలస్యానికి కట్టే ఐదు వేలు చదివింపుల కింద లెక్క. ‘ఆ ఐదేసి వేలూ దాచుంటే ఈపాటికి నాకో జత గాజులు’ అంటుంది అక్క. ఎప్పుడో ఒక ఏడు గడువు పొడిగిస్తారు. ఇక ఆ ఏడంతా ఆయన్ని పట్టలేం. ‘చూశావా, తొందరపడి ముందే వేసినవాళ్ళేం బావుకున్నారోయ్?’ అని నన్నే అడుగుతారు.

గౌతమి ఎక్స్‌ప్రెస్‌ని ఆయన కాకినాడ టౌన్లో ఎక్కిన దాఖలాలు తక్కువ. పదిహేను కిలోమీటర్లు ఆటోలో తరిమి సామర్లకోటలో పట్టుకోవడమే రివాజు. అందులోనూ ఒళ్ళో గొట్టం కాజాల పొట్లం ఉంటుంది. అంత హడావుడిలోనూ కాజాల కొట్టు దగ్గర ఆగడానికి మాత్రం టైముంటుంది.

ఇదంతా క్షమించగలను. నా పెళ్ళి సంగతి మాత్రం క్షమించలేను. తెల్లవారుజామున ముహూర్తం. జీలకర్ర బెల్లం అయింది. మా వైపు పుస్తె బావగారి జేబులో ఉంది. ఆ జేబు బావగారితో పాటు విడిదింట్లో అద్దం ముందు ఉంది. పంతులుగారు తనకొచ్చిన మంత్రాలన్నీ అయ్యాక, నెమ్మదిగా నా చెవిలో ‘మీ వంశంలో ఇంకెవరైనా ఉన్నారా, పేర్లు చెప్పండి’ అన్నారు. చివరికి బావగారు చెమట కూడా పట్టకుండా నడిచొచ్చి ‘ఏం, మొదలెట్టేశారా?’ అన్నారు.

అదే విచిత్రం. పరుగులన్నీ చుట్టూ ఉన్నవాళ్ళవి. డాక్టరు ఇద్దరికీ బీపీ చూస్తే ఆయనకి 120/80. అక్కకి రోజూ మాత్ర. ఆలస్యం ఆయనది, బీపీ ఆవిడది.

అక్క చెయ్యని ప్రయత్నం లేదు. గోడ గడియారం ఇరవై నిమిషాలు ముందుకి తిప్పింది, ఆయన తీసివేత నేర్చుకున్నారు. పోయిన మాఘమాసంలో పెద్దాపురంలో పెళ్ళి. అక్క ‘తొమ్మిదికి బయల్దేరాలండీ’ అని ఒక్కసారే చెప్పింది. తొమ్మిదికి చెప్పులేసుకుని, ఒక్కతే ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. సగం మొహానికి సబ్బు నురగతో బావగారు బయటికొచ్చి ‘ఏమే’ అన్నారు. పలికేవాళ్ళు లేరు. అక్క అక్కడికి చేరిన పావుగంటకే ఆయనా పందిట్లో ఉన్నారు. మర్నాడు నాతో దిగులుగా, ‘ఇంకా ఎంతసేపండీ అనే మనిషి లేకపోతే ఆలస్యం చెయ్యబుద్ధి కాలేదోయ్’ అన్నారు.

అప్పట్నుంచీ అక్క రెండోసారి పిలవడం మానేసింది. ఈమధ్య డాక్టరు మాత్ర సగానికి తగ్గించాడు. బావగారు మాత్రం ‘మీ అక్కకి నా మీద శ్రద్ధ తగ్గింది’ అంటున్నారు.

ఆయన దారికి రావడం వల్ల ఎక్కువ నష్టపోయింది నేనే. ఇరవై ఏళ్ళుగా ఎక్కడికి ఆలస్యంగా వెళ్ళినా ‘బావగారి కోసం ఆగామండీ’ అనేవాణ్ణి. పాపం, సగంసార్లు మా గేటు ముందు హారను కొట్టి కొట్టి విసిగింది ఆయనే.

వచ్చే నెల బావగారి షష్టిపూర్తి. అసలు ముహూర్తం 10 గంటల 24 నిమిషాలకి. శుభలేఖలో ఎనిమిది అని వేయించింది అక్క. మీరు తొమ్మిదిన్నరకి వచ్చినా చాలు, ఆయనకి మాత్రం చెప్పకండి.