వారధి పక్కన పంటు

రెండు పడవల్ని పక్కపక్కన బిగించి, పైన బల్లలు పరిచి, ఇంజిను తగిలిస్తే నేను. పంటు అంటారు. మనుషుల్నీ, మోటారు సైకిళ్లనీ, కార్లనీ గోదావరి దాటించడమే నా పని. కోనసీమ చూద్దామని ఒంటరిగా వచ్చేవాళ్లు చాలామంది రావులపాలెం మీదుగా బస్సులో దిగుతారు. కొబ్బరితోటలు చూస్తారు, కాలవలు చూస్తారు, పూతరేకులు కొనుక్కుంటారు. తాము అడుగుపెట్టింది దీవిలోకని మాత్రం తట్టదు. అది తెలియాలంటే నది ఒడ్డున బస్సు దిగి నామీద ఎక్కాల్సిందేనంటాను. స్వార్థం అనుకున్నా సరే, నా లెక్క వినండి.

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠగా చీలుతుంది. ఆ రెండు పాయలకీ సముద్రానికీ నడుమ ఉన్న దీవే కోనసీమ. వసిష్ఠలోంచి మళ్లీ వైనతేయ విడిపోతుంది. కాకినాడలో పొద్దున్నే బస్సెక్కి ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి చేరి, పంటు మీద గౌతమి దాటితే ముక్తేశ్వరం. అక్కణ్ణించి అమలాపురం బస్సు, ఆ తరవాత రాజోలు, సఖినేటిపల్లి. మళ్లీ పంటెక్కి వసిష్ఠ దాటితే నరసాపురం. ఒక్క పగట్లో మూడు పాయలూ దాటేయొచ్చు. దారిలో వైనతేయను మాత్రం బోడసకుర్రు వంతెన మీద బస్సు నిమిషాల్లో దాటించేస్తుంది. కిటికీ పక్క సీటు దొరక్కపోతే అక్కడ నది ఉన్నట్టే తెలియదు. తక్కిన రెండూ అలా జారిపోవు. కోటిపల్లి దగ్గర ఎండాకాలం ఇసుక తిన్నెలు తేలితే రేవు ఎక్కడుంటే అక్కడికే నడవాలి. పైన ధవళేశ్వరం బరాజు నీళ్లు వదిలిన రోజు అదే నది వేరే మనిషిలా ఉంటుంది. సఖినేటిపల్లి దగ్గర సముద్రానిదే పెత్తనం. పోటు మీదుంటే నీళ్లు ఎగువకి ఎక్కుతాయి, పాటులో దిగువకి లాగుతాయి. దాన్నిబట్టి సరంగు నా ముక్కు ఎటు తిప్పాలో చూసుకుంటాడు. ఒకే గోదావరి ఒక అంచున బరాజు మాట, ఇంకో అంచున సముద్రం మాట వింటోందన్న సంగతి ఏ బస్సూ చెప్పదు. అలాగని బస్సుని తీసిపారెయ్యను. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర కట్టించగా 1852లో పూర్తయిన ఆనకట్ట ఈ నేలని ఎలా మార్చిందో కాలవగట్ల వెంట సాగే ఆ బస్సులోంచే కనిపిస్తుంది.

చూడ్డానికొచ్చినవాడికి ముచ్చట, రోజూ దాటేవాడికి యాతన అంటారు. నిజమే. వరదొస్తే నన్ను కట్టేస్తారు. పురిటినొప్పులు పంటు వేళ చూసుకుని రావు. ఎదుర్లంక, యానాం మధ్య 2002లో లోక్‌సభ స్పీకరు బాలయోగి పేరిట వారధి వచ్చాక అక్కడి పంట్లకి పని పోయింది. మంచిదే జరిగింది, మిగతా రేవుల్లోనూ వంతెనలు రావాలి. వంతెన మీంచి నది ఇంకా బాగా కనిపిస్తుంది కదా అంటే, కనిపిస్తుంది, బొమ్మలాగా. నీటి లాగుడు కాళ్లకింద తెలియాలంటే బల్ల మీద నిలబడాలి. వంతెన వచ్చాక కూడా, చూడ్డానికొచ్చేవాళ్ల కోసమైనా ఒక పంటుని ఉంచితే నష్టమేమిటి? టిక్కెట్టు డబ్బులతో డీజిలు ఖర్చు వస్తుందా అంటే, అది రేవు పాడుకునేవాళ్లు తేల్చాల్సిన లెక్క.

ఈ దారికి ఒంటరివాడే తగినవాడు. బస్సు పంటు కోసం ఆగదు, పంటు బస్సు కోసం ఆగదు. భుజాన ఒక్క సంచీ ఉన్నవాడైతే దిగగలడు, ఎక్కగలడు, రేవులో టీ తాగుతూ తరవాతి పంటు దాకా కూర్చోగలడు. వరదల నెలల్లో రావద్దు. సఖినేటిపల్లి రేవుకి చీకటిపడక ముందే చేరాలి. ఆవలి ఒడ్డున నరసాపురంలో రైలుంది.